మొదటి ఎంజైము లేకున్నా నెట్టుకురావచ్చు, రెండోది లేకపోతేనే ముప్పు: కాలేయంలో పైత్య ఆమ్లాలు తయారయ్యే దారి

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో పసిబిడ్డ కళ్లు పచ్చబడితే ముందు వినపడేది పసరు మందు మాట. రుయా, స్విమ్స్, వేలూరు ఆసుపత్రులకు ప్రయాణం ఆ తర్వాత. అక్కడ రక్తపరీక్ష కాగితం చేతికొస్తే బిలిరుబిన్ ఒక వరుసలో, రాయించి ఉంటే టోటల్ బైల్ యాసిడ్స్ ఇంకో వరుసలో కనిపిస్తాయి. మొదటిది బాగా పెరిగి, రెండోది మామూలుగా ఉంటే 'సగమన్నా బాగుంది కదా' అనిపిస్తుంది. కొన్ని అరుదైన జబ్బుల్లో ఆ మామూలు అంకే అసలు హెచ్చరిక. ఎందుకో తెలియాలంటే కాలేయ కణంలో కొలెస్టరాల్ పైత్య ఆమ్లంగా మారే దారిని మెట్టు మెట్టుగా చూడాలి.

ఈ దారిలోని ఎంజైముల పేర్లు 2025 ఫిబ్రవరిలో వార్తల్లోకి కూడా వచ్చాయి. వాటిలో ఒకటి లోపించడం వల్ల వచ్చే నరాల జబ్బుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మొదటిసారి ఒక మందును అనుమతించింది. ఆ మందు కొత్తదేమీ కాదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కాలేయం రోజూ తయారుచేసుకునే పైత్య ఆమ్లమే.

పచ్చరంగు వేరు, ఆమ్లం వేరు

కోడిని కోసేవాళ్లకు తెలుసు: కార్జానికి అంటుకుని ఉన్న ఆకుపచ్చ తిత్తి చిట్లిందా, తగిలిన ముక్కల్లా చేదే. ఆ తిత్తిలోది పైత్యరసం. దానికి రంగునిచ్చేవి బిలిరుబిన్, బిలివెర్డిన్ అనే వర్ణకాలు. కాలం తీరిన ఎర్ర రక్తకణాల్లోని హీమ్ విరిగినప్పుడు ఇవి పుడతాయి, శరీరం వీటిని వదిలించుకోవాలి. చేదు ఎక్కువగా పైత్య ఆమ్లాలది. వీటిని కాలేయం కొలెస్టరాల్ నుంచి పనిగట్టుకుని తయారుచేస్తుంది, మళ్లీ మళ్లీ వాడుకుంటుంది. తిండిలోని కొవ్వును సన్నని బిందువులుగా విడగొట్టి, ఏ, డీ, ఈ, కే విటమిన్లు ఒంటికి పట్టేలా చేసేవి ఇవే. ఇవి లేకపోతే తాగిన పాలలోని కొవ్వు చాలావరకు మలంలో పోతుంది.

మనిషి కాలేయం నేరుగా తయారుచేసే పైత్య ఆమ్లాలు రెండే: కోలిక్ ఆమ్లం, కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లం. రెండో పేరు పొడవు కాబట్టి ఇక్కడి నుంచి కీనో అందాం. ఇవి ప్రాథమిక ఆమ్లాలు. పేగుల్లోని బ్యాక్టీరియా వీటి నుంచి ఒక హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) తీసేస్తే కోలిక్ కాస్తా డీఆక్సీకోలిక్‌గా, కీనో కాస్తా లిథోకోలిక్‌గా మారతాయి. అవి ద్వితీయ ఆమ్లాలు. వాటిలో లిథోకోలిక్ కాలేయానికి బాగా విషం.

అర గ్రాము తయారీ, పదిహేను గ్రాముల పని

పెద్దవాళ్ల ఒంట్లో ఏ వేళ చూసినా ఉండేది మొత్తమ్మీద 2 నుంచి 4 గ్రాముల పైత్య ఆమ్లాలే. సంగటిలోకి నాటుకోడి పులుసో, చెనిక్కాయల ఊరిబిండో తిన్నాక కొవ్వు చిన్నపేగు మొదటి భాగాన్ని తాకుతుంది. అక్కడ విడుదలయ్యే హార్మోను పిత్తాశయాన్ని పిండుతుంది. ఆమ్లాలు పేగులోకి దిగి, పని ముగించుకుని, చిన్నపేగు చివరి భాగమైన ఇలియంలో తిరిగి రక్తంలోకి ఎక్కి కాలేయానికి చేరతాయి. ఈ చక్రం రోజుకు ఆరు నుంచి పది సార్లు తిరుగుతుంది.

ఒక లెక్క వేద్దాం. నిల్వ 2.5 గ్రాములు, రోజుకు ఆరు చుట్లు అనుకుంటే పేగు గుండా సాగేది 15 గ్రాములు. మలంలో పోయేది సుమారు 0.5 గ్రాము, అంటే 3.3 శాతం. కాలేయం కొత్తగా తయారుచేయాల్సింది ఆ అర గ్రాము మాత్రమే. దానికి ఎంత కొలెస్టరాల్ కావాలి? కొలెస్టరాల్ అణుభారం సుమారు 387, కోలిక్ ఆమ్లానిది 409, కీనోది 393. కాబట్టి 500 మిల్లీగ్రాముల ఆమ్లానికి సుమారు 480 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ ఖర్చవుతుంది. ఒంట్లోని కొలెస్టరాల్‌ను బయటికి పంపే ప్రధాన మార్గాల్లో ఇదొకటి.

కొలెస్టిరమిన్ అనే పాత మందు సరిగ్గా ఇక్కడే దెబ్బ కొడుతుంది. ఒక్కో పొట్లంలో 4 గ్రాముల మందు పొడి ఉంటుంది. నీళ్లలో కలిపి తాగితే పేగులో పైత్య ఆమ్లాలను పట్టుకుని మలంలోకి లాక్కెళుతుంది, తాను మాత్రం రక్తంలోకి పోదు. రోజువారీ నష్టం మూడింతలై 1.5 గ్రాములకు చేరిందనుకుంటే, కాలేయం ఆ లోటు పూడ్చడానికి రక్తంలోని ఎల్‌డీఎల్ కొలెస్టరాల్‌ను లాక్కోవాల్సిందే. అయితే అదే సమయంలో కాలేయం సొంతంగా కొలెస్టరాల్ తయారీ కూడా పెంచేస్తుంది, అందుకే ఈ మందుకు ఆ తయారీని తగ్గించే స్టాటిన్ తోడు చేస్తారు. ఇది ఆమ్లాలనే కాక థైరాయిడ్ మాత్రను, వార్ఫరిన్‌ను కూడా పట్టేసుకుంటుంది. కాబట్టి మిగతా మందులు దీనికి కనీసం గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలని చెబుతారు. ట్రైగ్లిజరైడ్లు ముందే ఎక్కువగా ఉన్నవాళ్లలో వాటిని ఇంకా పెంచుతుంది కూడా.

కణంలో నాలుగు చోట్ల సాగే పని

కొలెస్టరాల్‌లో 27 కార్బన్లు, పైత్య ఆమ్లంలో 24. మూడు కార్బన్లు కోయాలి, హైడ్రాక్సిల్ గుంపులు తగిలించాలి, అణువు ఆకారాన్ని వంచాలి. ఈ పనికి దాదాపు 17 ఎంజైములు కావాలి. అవన్నీ ఒకేచోట ఉండవు, కణం లోపలి వేర్వేరు భాగాల్లో ఉంటాయి. సగం తయారైన అణువు ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ పొర నుంచి కణద్రవంలోకి, అక్కడి నుంచి మైటోకాండ్రియాలోకి, చివరికి పెరాక్సిసోమ్‌లోకి వెళ్లాలి. పాఠ్యపుస్తకాల్లో ఒకే గీతగా గీసేస్తారు గానీ, జబ్బులు అర్థం కావాలంటే ఈ మజిలీలే ముఖ్యం.

మొదటి ఎంజైము సీవైపీ7ఏ1. రెటిక్యులమ్ పొరలో ఉంటుంది. ఆక్సిజన్‌ను, ఎన్ఏడీపీహెచ్‌ను వాడుకుని కొలెస్టరాల్ ఏడో కార్బన్‌కు హైడ్రాక్సిల్ తగిలిస్తుంది. మొత్తం దారి వేగాన్ని నిర్ణయించేది ఇదే.

రెండోది హెచ్ఎస్‌డీ3బీ7. ఇదీ అదే పొరలో. కొలెస్టరాల్ మూడో కార్బన్ మీది హైడ్రాక్సిల్‌ను కీటోన్‌గా మార్చి, ఐదో కార్బన్ దగ్గరున్న జంట బంధాన్ని నాలుగో కార్బన్ వైపు జరుపుతుంది. ఇక్కడ పుట్టే పదార్థాన్ని ప్రయోగశాలల్లో పొట్టిగా సీ4 అంటారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

సీ4 దగ్గర దారి చీలుతుంది. సీవైపీ8బీ1 పన్నెండో కార్బన్‌కు ఇంకో హైడ్రాక్సిల్ తగిలిస్తే చివరికి కోలిక్ ఆమ్లం వస్తుంది, ఆ ఎంజైము చేయి పడకపోతే కీనో. తర్వాత కణద్రవంలో ఏకేఆర్1డీ1 జంట బంధాన్ని తీసేస్తూ వలయాలు కలిసేచోట అణువును వంచుతుంది. ఏకేఆర్1సీ4 మూడో కార్బన్ మీద హైడ్రాక్సిల్‌ను తిరిగి నిలబెడుతుంది, కానీ ఈసారి కొలెస్టరాల్‌లో ఉన్నదానికి ఎదురు దిక్కున. ఈ తిప్పుడు అనవసర శ్రమలా కనిపిస్తుంది, కాదు. దీనివల్ల హైడ్రాక్సిళ్లన్నీ అణువుకు ఒకే పక్కకు చేరతాయి. ఒక ముఖం నీటిని, ఇంకో ముఖం కొవ్వును పట్టుకోగలగడం పూర్తిగా ఈ అమరిక చలవే.

వలయాల పని అయ్యాక తోక పని. మైటోకాండ్రియాలో సీవైపీ27ఏ1 తోక చివరను ఆక్సీకరించి ఆమ్లంగా మారుస్తుంది. దానికి కోఎంజైమ్-ఏ అనే సహాయక అణువు తగిలాక ఏఎంఏసీఆర్ అనే ఎంజైము ఆ తోక దిశను మారుస్తుంది, ఎందుకంటే పెరాక్సిసోమ్‌లోని తర్వాతి ఎంజైము ఒక దిశలో ఉన్న అణువునే ముట్టుకుంటుంది. అక్కడ ఏసీఓఎక్స్2, డీ-బైఫంక్షనల్ ప్రోటీన్, ఎస్‌సీపీఎక్స్ అనే మూడూ వరుసగా పనిచేసి మూడు కార్బన్లను ప్రొపియోనిల్-కోఏ రూపంలో కోసేస్తాయి. ఆఖర్న బీఏఏటీ అనే ఎంజైము గ్లైసీన్‌నో, టారీన్‌నో జతచేస్తుంది. మనుషుల్లో గ్లైసీన్ జతలు టారీన్ జతల కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ. ఈ జత పడితేనే ఆమ్లం పేగు గోడలోంచి మధ్యలోనే జారిపోకుండా ఇలియం దాకా నిలుస్తుంది.

పక్కదారి ఎంత పెద్దది?

ఇదంతా ప్రధాన మార్గం. ఇంకో మార్గంలో మైటోకాండ్రియాలోని సీవైపీ27ఏ1 ముందే కొలెస్టరాల్ తోక పట్టుకుంటుంది, ఏడో కార్బన్ పనిని తర్వాత సీవైపీ7బీ1 చేస్తుంది. ఈ దారిలో వచ్చేది ఎక్కువగా కీనో. ఎలుకల్లో మొత్తం తయారీలో దీని వాటా పావు వంతు దాకా ఉంటుందని అంచనా, ఆరోగ్యవంతులైన పెద్దల్లో పదో వంతు లోపే. కానీ పుట్టిన కొత్తలో సీవైపీ7ఏ1 ఇంకా సరిగా మేల్కోదు, శిశువుకు ఈ పక్కదారే ఆధారం. సీవైపీ7బీ1 లోపించిన శిశువుకు తీవ్ర కాలేయ వ్యాధి వచ్చినట్టు 1998లో వెల్లడైంది. చిత్రమేమిటంటే అదే జన్యులోపం చాలామందిలో కాలేయాన్ని వదిలేసి, పెద్దయ్యాక కాళ్లు బిగుసుకుపోయే స్పాస్టిక్ పారాప్లీజియాగా బయటపడుతుంది. ఒకే లోపం ఒకరిలో ఇలా, మరొకరిలో అలా ఎందుకనే చర్చ ఇంకా తెగలేదు.

కళ్లెం పేగు చేతిలో

తయారీ కాలేయంలో జరిగినా ఆపమని చెప్పేది ముఖ్యంగా పేగు. పైత్య ఆమ్లాలు ఇలియం కణాల్లోకి చేరగానే ఎఫ్ఎక్స్ఆర్ అనే గ్రాహకానికి అంటుకుంటాయి. అది పైత్య ఆమ్లాల గ్రాహకమని తేలింది 1999లో. దాంతో పేగు ఎఫ్‌జీఎఫ్19 అనే హార్మోనును వదులుతుంది. అది రక్తం ద్వారా కాలేయానికి వెళ్లి సీవైపీ7ఏ1 జన్యువును అణచిపెడుతుంది. కాలేయంలోనూ ఎఫ్ఎక్స్ఆర్ ఉంది, అది ఎస్‌హెచ్‌పీ అనే ప్రోటీన్ ద్వారా అదే పని చేస్తుంది.

అన్ని పైత్య ఆమ్లాలూ ఈ కళ్లేన్ని సమానంగా లాగవు. కీనో బలంగా లాగుతుంది, కోలిక్ కూడా లాగుతుంది. మన మందుల షాపుల్లో దొరికే ఉర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం, అదే ఉర్సో, దాదాపు లాగనే లాగదు. పిత్తాశయ రాళ్లు కరిగించడానికి కీనో వాడిన రోజుల్లో రోగుల ఎల్‌డీఎల్ పెరగడం గమనించారు. సీవైపీ7ఏ1 అణగిపోతే కొలెస్టరాల్ ఖర్చు తగ్గుతుంది మరి. కొలెస్టిరమిన్ చేసేదానికి ఇది అచ్చంగా తిరగేసిన బొమ్మ.

రెండో మెట్టు విరిగితే ఏమవుతుంది?

ఇప్పుడు అసలు చిక్కు. వేగాన్ని నిర్ణయించేది మొదటి ఎంజైము కాబట్టి అది లేకపోతేనే పెద్ద జబ్బు రావాలనిపిస్తుంది. 2002లో సీవైపీ7ఏ1 పూర్తిగా లోపించిన ఒక కుటుంబాన్ని వర్ణించారు. వాళ్లలో కనిపించినవి స్టాటిన్లకు పెద్దగా లొంగని ఎల్‌డీఎల్, కొందరికి చిన్నవయసులోనే పిత్తాశయ రాళ్లు. మనుషులు పెరిగి పెద్దవాళ్లయ్యారు. అదే హెచ్ఎస్‌డీ3బీ7 లోపిస్తే చికిత్స లేని పిల్లల్లో కాలేయం గట్టిపడి చెడిపోతుంది. పైత్య ఆమ్లాల తయారీలో పుట్టుకతో వచ్చే లోపాల్లో ఎక్కువగా కనిపించేది కూడా ఇదే, 1987లో మొదట గుర్తించారు.

తేడా పోగుపడే సరుకులో ఉంది. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ముందు కంపార్ట్‌మెంటు తలుపు తీయకపోతే జనం నిండేది దాని వెనక కంపార్ట్‌మెంటులో. మొదటి ఎంజైము ఆగితే దాని వెనక నిలిచిపోయేది కొలెస్టరాలే. దాన్ని సర్దుకునే దారులు ఒంటికి ఎన్నో ఉన్నాయి, పైగా పక్కదారి తెరిచే ఉంటుంది. రెండోది ఆగితే నిలిచిపోయేది ఏడో కార్బన్‌కు హైడ్రాక్సిల్ తగిలిన సగం సరుకు. దాని తోకను మిగతా ఎంజైములు యథావిధిగా కోసేసి వికృత ఆమ్లాలుగా మారుస్తాయి. వాటిని కాలేయం పైత్యనాళాల్లోకి సరిగా నెట్టలేదు, అవి కణాలను గాయపరుస్తాయి. అంతటితో అయిపోలేదు. అసలైన పైత్య ఆమ్లాలు లేవు కాబట్టి కళ్లెం లాగేవాళ్లు లేరు, సీవైపీ7ఏ1 పూర్తి వేగంతో ఆ విషానికే ముడిసరుకు పంపుతూ ఉంటుంది.

చికిత్స కోలిక్ ఆమ్లం కావడానికి కారణం ఇక్కడే కనిపిస్తుంది. అది లోటును పూడుస్తుంది, దాంతోపాటు ఎఫ్ఎక్స్ఆర్ ద్వారా మొదటి ఎంజైమును ఆపి విషం తయారీని తగ్గిస్తుంది. ఎఫ్‌డీఏ దీన్ని 2015 మార్చిలో అనుమతించింది. మోతాదు రోజుకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. నాలుగు కిలోల శిశువుకు 40 నుంచి 60 మిల్లీగ్రాములన్నమాట. ఉర్సో ఇచ్చినా పైత్యం పారుదల మెరుగుపడి కొంత తెరిపి కనిపించవచ్చు, కానీ కళ్లెం పడదు కాబట్టి లోపల తయారీ ఆగదు. పచ్చదనం తగ్గిందని ఊరట చెందడం ఈ జబ్బులో ప్రమాదకరం.

పరీక్ష ఎక్కడ బోల్తా కొట్టిస్తుంది?

పైత్యనాళం మూసుకుపోయిన శిశువుకు సాధారణంగా బిలిరుబిన్, పైత్య ఆమ్లాలు, జీజీటీ అనే కాలేయ ఎంజైము మూడూ పెరుగుతాయి. మామూలు కొలెస్టాసిస్ (పైత్యం సరిగా పారకపోవడం) ఉన్న పెద్ద పిల్లలకైతే దురద కూడా తోడు. హెచ్ఎస్‌డీ3బీ7 లోపంలో నేరుగా కొలిచే బిలిరుబిన్ (డైరెక్ట్ బిలిరుబిన్) పెరుగుతుంది, కానీ జీజీటీ మామూలుగా ఉంటుంది, దురద ఉండదు, టోటల్ బైల్ యాసిడ్స్ తక్కువగానో మామూలుగానో వస్తుంది.

ఆ చివరి అంకె వెనక పరీక్ష తీరు ఉంది. మామూలు ల్యాబు కిట్లు పైత్య ఆమ్లాలను గుర్తించేది మూడో కార్బన్ మీద సరైన దిక్కున ఉన్న హైడ్రాక్సిల్‌ను బట్టి. వికృత ఆమ్లాల్లో అది కొలెస్టరాల్‌లో ఉన్న దిక్కునే ఉండిపోతుంది, కాబట్టి కిట్టు వాటిని చూడదు. ఉర్సో మాత్రం ఆ కిట్టుకు కనిపిస్తుంది. మందు మొదలుపెట్టాక పరీక్ష చేస్తే అంకె దానివల్లే పెరిగి దారి తప్పించవచ్చు. అసలు నిర్ధారణ మూత్రంలో అణువులను భారాన్ని బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో, ఆపైన జన్యుపరీక్షతో. మూత్రం నమూనా ఉర్సో మొదలుపెట్టకముందే తీసి ఉంచడం మేలు.

ఇవన్నీ అరుదైనవి, ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గని శిశువుకు నేరుగా కొలిచే బిలిరుబిన్ పరీక్ష తప్పనిసరి. మలం తెల్లగా, సున్నం రంగులో వస్తుంటే పైత్యనాళాలు మూసుకుపోయే బిలియరీ అట్రీషియా అనుమానించాలి. దానికి చేసే, జపాన్ వైద్యుడు కసాయ్ పేరున్న ఆపరేషన్ 60 రోజుల్లోపు జరిగితే ఫలితం మెరుగు. పసరు తాపిస్తూ గడిపే వారాలు ఇక్కడే తేడా తెస్తాయి.

పెద్దల్లో సీ4ను వేరే పనికి వాడతారు. రక్తంలో దాని స్థాయి సీవైపీ7ఏ1 ఎంత వేగంగా పనిచేస్తోందో చెబుతుంది. నెలల తరబడి విరేచనాలు అవుతున్నవాళ్లలో సీ4 ఎక్కువగా ఉంటే పైత్య ఆమ్లాలు పేగులో జారిపోతున్నాయని అర్థం. ఆ ఎంజైము రోజులో వేళను బట్టి హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి రక్తం ఉదయం పరగడుపున తీస్తారు.

ఎలుకకు పనిచేసింది మనిషికి పనిచేస్తుందా?

సీవైపీ8బీ1ను అడ్డుకుంటే మధుమేహానికి మేలని ఒక వాదం. ఆ ఎంజైము లేని ఎలుకల్లో కోలిక్ ఆమ్లం ఉండదు, కొవ్వు, కొలెస్టరాల్ తక్కువగా ఒంటబడతాయి, చక్కెర అదుపు మెరుగైంది. మనుషుల్లోనూ ఇన్సులిన్ సరిగా పనిచేయనివాళ్లలో పన్నెండో కార్బన్ హైడ్రాక్సిల్ ఉన్న ఆమ్లాల వాటా ఎక్కువని గమనించారు.

ఎదుటి వాదం కూడా తేలికైంది కాదు. ఎలుక కీనోను సీవైపీ2సీ70 అనే ఎంజైముతో మ్యూరికోలిక్ ఆమ్లాలుగా మార్చేస్తుంది. మనిషి మార్చలేడు. కాబట్టి మనలో ఆ ఎంజైమును ఆపితే పెరిగేది కీనో, దాని నుంచి బ్యాక్టీరియా చేసే లిథోకోలిక్. పైగా ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం వల్ల ఆమ్లాల వాటా మారిందా, వాటా మారడం వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదా అన్నది ఆ గమనింపుతో తేలదు. మొదటి ఎంజైము విషయంలోనూ ఇదే తంతు: తిండిలో కొలెస్టరాల్ పెరిగితే ఎలుకలో సీవైపీ7ఏ1 ఎగబాకుతుంది, మనిషి జన్యువులో ఆ స్విచ్చు లేదు. నా మటుకు, మనిషి కాలేయ కణాలతోనో రోగులతోనో చేసిన ఫలితం వచ్చేదాకా ఎలుకల వార్తలను ఆచితూచి చదవడమే సరైనది.

మైటోకాండ్రియా మజిలీలో లోపం, మేనరికం లెక్క

2025లో అనుమతి పొందిన కీనోడయాల్ కీనోకే మందుల పేరు. జబ్బు సెరెబ్రోటెండినస్ జాంథోమాటోసిస్, లోపించేది సీవైపీ27ఏ1. 1937లోనే వర్ణించారు. కీనో తగ్గుతుంది, కళ్లెం సడలుతుంది, పోగుపడిన సీ4 నుంచి కొలెస్టనాల్ అనే మైనం లాంటి కొవ్వు తయారై మెదడులో, కండర బంధనాల్లో, కంటి కటకంలో పేరుకుంటుంది. పసితనంలో వదలని విరేచనాలు, బడి వయసులో కంటి శుక్లాలు, యవ్వనంలో మడమ వెనక కండర బంధనం మీద గడ్డలు, ఆ తర్వాత నడక తూలడం, తెలివి మందగించడం. రక్తంలో కొలెస్టరాల్ మామూలుగానే ఉండవచ్చు కాబట్టి లిపిడ్ ప్రొఫైల్ చూసి కొట్టిపారేయలేం. కొలెస్టనాల్‌నే విడిగా కొలవాలి. పెద్దలకు మోతాదు 250 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, కాలేయ పరీక్షలు చేయిస్తూ. కొలెస్టనాల్ తగ్గుతుంది గానీ అప్పటికే దెబ్బతిన్న నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు.

ఈ లోపాలు బయటపడాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యుప్రతులు కావాలి. మన రాయలసీమలో మేనరికాలు ఇంకా ఉన్నాయి కాబట్టి లెక్క చూడాలి. ఉదాహరణకు 200 మందిలో ఒకరు ఒక లోపాన్ని మోస్తున్నారనుకుందాం. సంబంధం లేని దంపతులకు పుట్టే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 200ను 200తో, దాన్ని 4తో గుణిస్తే వచ్చే 1,60,000లో ఒకటి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే అది సుమారు 6,200లో ఒకటి. మేనమామనే చేసుకుంటే సుమారు 3,100లో ఒకటి, అంటే యాభై రెట్లు. అయినా ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు, 'మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు' అన్న మాట అందుకే నిజమే అవుతుంది.

ఒక బిడ్డకు నిర్ధారణ అయితే లెక్క పూర్తిగా మారిపోతుంది. అప్పుడు తల్లిదండ్రులిద్దరూ మోస్తున్నట్టే. మిగతా ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం, ముందు బిడ్డకు వచ్చింది కదా అని తర్వాతి బిడ్డకు తగ్గదు. అన్నకు పాతికేళ్లకు నడక తూలి జబ్బు తేలితే, శుక్లాలు మాత్రమే ఉన్న పన్నెండేళ్ల చెల్లెలికి అదే వారంలో కొలెస్టనాల్, జన్యుపరీక్ష చేయించాలి. నరాలు దెబ్బతినకముందే మందు మొదలుపెట్టే అవకాశం ఉన్నది ఆ పిల్లకే.